ఫిల్ము మీద మూడు చుక్కలు: ప్రోటీన్లను కోసే ఎంజైములు, వాటిని ఆపే అణువులు

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. బాబూ, ఈ బల్ల పైనున్న ఫ్యాను ఒక్కటి ఆపు. చుక్కలు ఆరిపోతాయి. ఏ చుక్కలు అంటారా, ఇప్పుడే చెప్తాను.

మాట మొదలుపెట్టే ముందు ఒక పని మొదలుపెడతాను. ఆ పనికి ఇరవై నిమిషాలు పడుతుంది. మనం మాట్లాడుకుంటూ ఉంటే దాని దారిన అది జరుగుతుంది.

ఇదిగో, ఇది ఎక్స్‌రే ఫిల్ము. మా అమ్మ మోకాలిది. ఇప్పుడు స్కానింగ్ సెంటర్లో ప్రింటు తీసి ఇస్తున్నారే, ఆ రకం కాదు. డార్క్‌రూములో కడిగి, ఆరబెట్టి ఇచ్చే రోజుల నాటిది. బీరువా మీద పడి ఉంది. ఇందులో నల్లగా కనబడేది వెండి. అవును, వెండే, సన్నని పొడి. ఆ పొడి ప్లాస్టిక్ మీద నిలబడాలంటే ఏదో ఒకటి పట్టి ఉంచాలి కదా? అలా పట్టి ఉంచేది జెలటిన్. పశువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీసే ప్రోటీన్. ఫిల్ముకి రెండువైపులా ఈ పూత ఉంటుంది. వెనకవైపు పూతని నిన్న రాత్రి తడిగుడ్డ వేసి నానబెట్టి, బ్లేడుతో గీకేశాను. ముందువైపు అలాగే ఉంది.

ఇక ఈ మూడు గ్లాసులు. మొదటిదాంట్లో ఒక మాత్ర పొడి చేసి, చిటికెడు వంటసోడా వేసిన నీళ్లలో కలిపాను. ఆపరేషన్ తరవాత వాపు తగ్గడానికి డాక్టర్లు రాస్తుంటారు, ట్రిప్సిన్-కైమోట్రిప్సిన్ మాత్ర, అది. మీలో చాలామంది వేసుకునే ఉంటారు. రెండో గ్లాసులోనూ అదే మాత్ర నీళ్లు, వాటిలో పచ్చి సోయాబీన్స్ నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టిన నీళ్లు కలిపాను. మూడోదాంట్లోనూ అంతే. తేడా ఒక్కటే, ఈ సోయా నీళ్లని అరగంట బాగా మరిగించి చల్లార్చాను. ఆదిలాబాద్ సోయాబీన్సే, మా చెల్లెలు పంపింది.

ఒక్కో గ్లాసు నుంచి ఒక్కో చుక్క. ఒకటి... రెండు... మూడు. దీని మీద గిన్నె బోర్లిస్తున్నాను. అమ్మాయ్, టైము చూస్తూ ఉండు. ఇరవై నిమిషాలు కాగానే చెప్పు.

ఇప్పుడు మన విషయం. ప్రోటీన్ అంటే ఏమిటి? స్కూలు పుస్తకంలో మాంసకృత్తులు అని చదువుకున్నాం. పూసల దండ అనుకోండి. ఇరవై రకాల పూసలు. వాటి పేరు అమైనో ఆమ్లాలు. వందో, రెండొందలో, వెయ్యో పూసలు వరసగా గుచ్చితే ఒక ప్రోటీన్. ఆ దండ దాని పద్ధతిలో అది ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. మీ జుట్టు ప్రోటీనే, గోరు ప్రోటీనే, రక్తంలో ఎర్రగా ఉండే హిమోగ్లోబిన్ ప్రోటీనే, పప్పులో బలం ఇచ్చేదీ ప్రోటీనే.

పూసకీ పూసకీ మధ్య ఉన్న ఆ ముడి చాలా గట్టిది. ఎంత గట్టిదో చెప్పమంటారా? ఒక ప్రోటీన్‌లో ఏ పూసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలంటే ల్యాబులో ఏం చేస్తామంటే, గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, గాజుగొట్టంలో పెట్టి, గాలి పోకుండా మూతి మూసేసి, 110 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉడికిస్తాం. ఒక పగలు, ఒక రాత్రి, ఆమ్లంలో. అప్పుడు గానీ ఆ ముడులన్నీ విడిపోవు. మరి మీరు మధ్యాహ్నం తిన్న పప్పూ గుడ్డూ రాత్రికల్లా విడిపోయి రక్తంలో కలుస్తున్నాయి. 37 డిగ్రీల దగ్గర. మెత్తని పేగులో. ఎలా?

ఆ ముడిని కోయడానికి ప్రత్యేకంగా కత్తులున్నాయి. వాటినే ప్రోటియేజులు అంటాం. అవీ ప్రోటీన్లే. ప్రోటీన్‌ని కోసే ప్రోటీన్. కడుపులో ఉండేది పెప్సిన్. క్లోమం, అంటే ప్యాంక్రియాస్, అక్కణ్ణుంచి చిన్న పేగులోకి వచ్చేవి ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్, ఇంకా కొన్ని. ఒక్కోదానికి ఒక్కో పట్టింపు ఉంది. ట్రిప్సిన్ ఉంది చూశారూ, అది దండలో లైసిన్ అనే పూస, లేకపోతే ఆర్జినిన్ అనే పూస కనబడితేనే దాని పక్కన కోస్తుంది. మిగతా పూసల జోలికి పోదు.

వంటింట్లో వీటిని మీరు చూశారు. ముదురు మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తాం కదా? హైదరాబాద్‌లో కబాబులు చేసేవాళ్లని అడగండి, అది లేకుండా పని జరగదు. పచ్చి బొప్పాయిని గాటు పెడితే కారే పాలలో పాపైన్ అనే ప్రోటియేజు ఉంటుంది. మాంసం దండల్ని అది కోసేస్తుంది. గంటసేపు ఉంచితే మెత్తబడుతుంది. అదే పొద్దున పట్టించి మర్చిపోయి రాత్రికి చూశారనుకోండి, ముక్క ముక్కలా ఉండదు, వేలితో నొక్కితే పిండిలా అయిపోతుంది. ఎందుకంటే కత్తికి ఎక్కడ ఆగాలో తెలియదు. దాని ముందు ప్రోటీన్ ఉన్నంతసేపూ కోస్తూనే ఉంటుంది.

ఇక్కడే నా ప్రశ్న. ఈ సాయంత్రం నేను వచ్చింది ఈ ఒక్క ప్రశ్న కోసం. మాంసాన్ని పిండి చేసే కత్తి మన లోపల ఉంది. మన పేగు మాంసమే. మన క్లోమం మాంసమే. మన ఊపిరితిత్తి మాంసమే. మరి మనం ఎందుకు అరిగిపోవడం లేదు?

కోయడం గురించి అందరూ చెప్తారు. పాఠ్యపుస్తకంలో పేజీలకి పేజీలు ఉంటుంది. ఆపడం గురించి రెండు లైన్లు రాసి వదిలేస్తారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక నాకు అర్థమైంది ఏమిటంటే, అసలు కథంతా ఆ రెండు లైన్లలోనే ఉంది.

టైమయిందా అమ్మా? ఇంకా పన్నెండు నిమిషాలేనా? సరే, కానివ్వండి.

ఆపేవాటిని నిరోధకాలు అంటాం. అవి ఎలా ఆపుతాయి? కత్తికి ఒక కోసే చోటు ఉంటుంది, చిన్న గాడి లాంటిది. కోయాల్సిన ప్రోటీన్ వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది, ముడి తెగుతుంది, ముక్కలు బయటికి వెళ్లిపోతాయి, ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. నిరోధకం ఏం చేస్తుందంటే, తనూ కోయించుకోవడానికి వచ్చినట్టే వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది. అతికినట్టు సరిపోతుంది. కానీ తెగదు, లేవదు. అంతే. కత్తి ఒరలో పడ్డట్టే. సోయాబీన్స్‌లోనూ మన క్లోమంలోనూ ఉండే నిరోధకాలు ఈ రకం. రక్తంలో ఉండేవి కొన్ని వేరే రకం, అవి నిజంగా ఎలుకల బోను లాంటివే. కత్తి వచ్చి కోస్తుంది, కోయగానే స్ప్రింగు తెగినట్టు నిరోధకం ఆకారం మారిపోయి, కత్తిని ఈ చివర నుంచి ఆ చివరకి విసిరికొట్టి, వంకర చేసి వదిలేస్తుంది. ఆ కత్తి ఇక పనికిరాదు, ఆ నిరోధకమూ పనికిరాదు. రెండూ పోతాయి.

ఆ బోను రకంలో ఒకదాని పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. లివరు దాన్ని తయారుచేసి రక్తంలో వదులుతుంది, అది ఊపిరితిత్తుల్ని కాపలా కాస్తుంది. అక్కడ ఏ కత్తి ఉంది? మన తెల్లరక్తకణాల దగ్గర ఎలాస్టేజ్ అనే కత్తి ఉంటుంది, సూక్ష్మజీవుల్ని చంపడానికి. పని అయ్యాక దాన్ని ఆపకపోతే ఊపిరితిత్తిలో సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్‌ని అది తినేస్తుంది. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే ఇద్దరు, రక్తంలో ఈ కాపలాదారు లేని మనుషుల్ని గుర్తించారు. వాళ్లలో చిన్న వయసుకే ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు కనబడ్డారు. ఇంకో మాట చెప్పి ముందుకెళ్తాను. సిగరెట్ పొగ ఈ నిరోధకంలో కత్తి పట్టే చోటున ఉన్న ఒక్క పూసని పాడుచేస్తుంది. 358వ పూస, మెథియోనిన్. ఒక్క పూస పాడైతే బోను పనిచేయదు. కాపలాదారు ఉంటాడు, కానీ చేతులు కట్టేసినట్టు ఉంటాడు.

ఆఁ, అయిందా? తీద్దాం. అందరూ దగ్గరికి రావద్దు, నేనే లైటుకి ఎత్తి చూపిస్తాను. ముందు మెల్లగా కడగాలి. చూడండి.

మొదటి చుక్క పెట్టిన చోట ఏముంది? ఏమీ లేదు. కిటికీలా ఉంది. నా వేలు అవతల నుంచి కనబడుతోందా? జెలటిన్ తెగిపోయింది, దాన్ని పట్టుకుని ఉన్న వెండి నీళ్లతో పాటు జారిపోయింది. ఆసుపత్రుల పాత ఫిల్ముల నుంచి వెండి తిరిగి తీయడానికి ఈ పద్ధతి పనికొస్తుంది కూడా. రెండో చోట? నల్లగా అలాగే ఉంది. కొంచెం తడి మచ్చ, అంతే. అదే మాత్ర, అదే మోతాదు. పచ్చి సోయా నీళ్లు కలిసేసరికి కత్తి ఆగిపోయింది. మూడో చోట చూడండి, మరిగించిన సోయా నీళ్లు. తెల్లబడింది. మొదటిదంత తెల్లగా లేదు, పొగమంచు అద్దంలా ఉంది. ఎందుకో చెప్పగలరా ఎవరైనా? ఆ ఉడికిన సోయాలో కూడా ప్రోటీన్ ఉంది కదా, ట్రిప్సిన్‌కి అదీ మేతే. అటు కొంత, ఇటు కొంత. అందుకే ఆలస్యం. కానీ ఆగిపోలేదు. నిరోధకం కూడా ప్రోటీనే కాబట్టి బాగా మరిగితే ఆకారం చెడిపోయి, ఒరగా పనికిరాకుండా పోయింది.

1917లో అమెరికాలో ఆస్బోర్న్, మెండెల్ అనే ఇద్దరు ఇదే వింతని ఎలుకల్లో చూశారు. పచ్చి సోయా పెడితే ఎలుకలు ఎదగలేదు. అదే సోయా ఉడికించి పెడితే ఎదిగాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తరవాత, 1945 ప్రాంతంలో, కూనిట్జ్ అనే ఆయన సోయాబీన్స్ నుంచి ట్రిప్సిన్‌ని ఆపే ప్రోటీన్‌ని స్ఫటికాలుగా తీసి చూపించాడు. ఆ ఎలుకల్లో ఇంకో సంగతి కూడా ఉంది. పచ్చి సోయా తిన్నవాటికి క్లోమం పెద్దదవుతుంది. పేగులో ట్రిప్సిన్ ఆగిపోతుంటే, చాలడం లేదనుకుని శరీరం ఇంకా ఇంకా చేయమంటుంది. పాపం, క్లోమం చేస్తూనే ఉంటుంది.

సోయా ఒక్కటే కాదు. కందులు, శనగలు, ఉలవలు, అన్నిటిలోనూ ఈ నిరోధకాలున్నాయి. ఉలవల్లో ఉండేది కొంచెం మొండిది, త్వరగా వేడికి లొంగదు. మన పెద్దవాళ్లు ఎద్దులకి ఉలవలు పెట్టేటప్పుడు ఉడికించి పెట్టేవాళ్లు, గుర్తుందా? పెద్ద కాగులో, పొయ్యి మీద గంటలకొద్దీ. మా నాన్న ఉడికిందో లేదో వేళ్ల మధ్య నలిపి చూసి గానీ దింపనిచ్చేవాడు కాదు. ఆ కాగులో మిగిలిన కట్టుతోనే ఉలవచారు. ఆయనకి ట్రిప్సిన్ పేరు తెలియదు. ఉడకని ఉలవలు పెడితే ఎద్దుకి ఒంటబట్టదని మాత్రం తెలుసు.

గింజకి ఈ నిరోధకం ఎందుకు? తన ప్రోటీన్‌ని మొలక కోసం దాచుకోవడానికి. తినేవాడిని అడ్డుకోవడానికి కూడా. 1972లో గ్రీన్, రయన్ అని ఇద్దరు అమెరికాలో చూపించారు. టొమాటో, బంగాళదుంప మొక్కల ఆకుని పురుగు కొరికితే, ఆ కొరికిన ఆకులోనే కాదు, పురుగు ముట్టని ఆకుల్లో కూడా నిరోధకం పెరిగిపోతోంది. దెబ్బ ఒకచోట, కబురు మొక్కంతా. ఇక్కడ రైతులున్నారు కాబట్టి ఒక మాట. ఈ నిరోధకాలని పెంచి శనగపచ్చ పురుగుని ఆపొచ్చని చాలామంది ప్రయత్నించారు. ఆ పురుగు గట్టిది. ఒక రకం కత్తిని ఆపితే, ఆ నిరోధకానికి దొరకని ఇంకో రకం కత్తిని పేగులోకి వదులుతుంది. పోరాటం అలా సాగుతూనే ఉంది.

ఆడవాళ్లకి బాగా తెలిసిన ఇంకో ఉదాహరణ. జున్నుపాలు. ఈనిన గేదె మొదటి పాలలో దూడకి కావలసిన యాంటీబాడీలుంటాయి. అవీ ప్రోటీన్లే. మరి దూడ పేగులోకి వెళ్లగానే ట్రిప్సిన్ వాటిని కోసేయాలి కదా? కోయదు. ఆ జున్నుపాలలోనే ట్రిప్సిన్ నిరోధకం కూడా ఉంది. తల్లి కవచాన్ని ఇచ్చి, ఆ కవచానికి ఇంకో కవచం తొడిగి పంపుతోంది. అది మొదటి రోజు పాలలోనే దండిగా ఉంటుంది, తరవాత తగ్గిపోతుంది. దూడ పేగు కూడా ఆ యాంటీబాడీలని యథాతథంగా లోపలికి రానిచ్చేది ఆ మొదటి రోజే. అందుకే దూడకి ముందు తాగనిచ్చి, తరవాత జున్ను వండుకోవాలి. ఈ వరస తప్పకండి.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. ఈ హాల్లో బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, ఫరవాలేదు. సగం మంది ఉన్నారు. మాత్ర పేరు చివర "ప్రిల్" అని ఉందా? ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్? ఉంటే మీరు ఒక పాము కథకి వారసులు.

బ్రెజిల్‌లో జరారాకా అని ఒక పాము ఉంది, మన రక్తపింజరి కుటుంబానిదే. అది కరిస్తే మనిషికి బీపీ బాగా పడిపోతుంది. సావో పాలోలో రోచా ఎ సిల్వా, ఆయన తోటివాళ్లు ఆ విషం మీద పనిచేస్తూ 1940ల చివర్లో ఒక సంగతి కనిపెట్టారు. విషంలో ఒక ప్రోటియేజు ఉంది. అది మన రక్తంలోని ఒక పెద్ద ప్రోటీన్‌ని కోసి, అందులోంచి తొమ్మిది పూసల చిన్న ముక్కని బయటికి వదులుతోంది. ఆ ముక్క రక్తనాళాల్ని వదులు చేస్తుంది. దాని పేరు బ్రాడీకైనిన్. అయితే బ్రాడీకైనిన్ ఎక్కువసేపు బతకదు. మన ఒంట్లోనే దాన్ని కోసేసే ఇంకో కత్తి ఉంది. మరి పాము కరిచినప్పుడు ఆ ప్రభావం అంతసేపు ఎలా నిలుస్తోంది?

ఆయన శిష్యుడు సెర్జియో ఫెరేరా 1965లో దీనికి జవాబు రాశాడు. అదే విషంలో ఇంకో చిన్న పదార్థం ఉంది, అది బ్రాడీకైనిన్‌ని కోసే మన కత్తిని ఆపేస్తోంది. చూశారా? ఒకే విషంలో కోసేదీ ఉంది, ఆపేదీ ఉంది. ఒక చేత్తో ముక్కని వదులుతుంది, ఇంకో చేత్తో ఆ ముక్క చెరిగిపోకుండా కాపాడుతుంది. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఫెరేరా ఆ విషం సారాన్ని లండన్‌లో జాన్ వేన్ ల్యాబుకి తీసుకెళ్లాడు. అక్కడ తేలిందేమిటంటే, బ్రాడీకైనిన్‌ని కోసే ఆ కత్తే ఇంకో పని కూడా చేస్తుంది. యాంజియోటెన్సిన్-1 అనే పది పూసల దండ ఉంటుంది, దానంతట అది పెద్దగా ఏమీ చేయదు. ఈ కత్తి దాని చివర రెండు పూసలు తెంపేస్తే ఎనిమిది పూసల యాంజియోటెన్సిన్-2 అవుతుంది. అది రక్తనాళాల్ని బిగించి బీపీ పెంచుతుంది. రెండు పూసల తేడా! ఈ కత్తి పేరే ఏసీఈ, యాంజియోటెన్సిన్‌ని మార్చే ఎంజైము అని. అంటే దీన్ని ఆపితే బీపీ పెంచేది తయారు కాదు, తగ్గించేది త్వరగా పోదు. రెండు లాభాలు.

అమెరికాలో స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి అనే ఇద్దరు దీన్ని పట్టుకున్నారు. పాము పదార్థం పనిచేసింది, కానీ సూదిమందుగానే. అదీ ఒక చిన్న ప్రోటీన్ ముక్కే, నోట్లో వేసుకుంటే పనిచేయదు. బీపీకి రోజూ సూది ఎవరు పొడిపించుకుంటారు? అప్పుడు వాళ్లు ఆ కత్తి గాడి ఎలా ఉంటుందో ఊహించారు. దాని ఆకారం అప్పటికి ఎవరూ చూడలేదు. దాని చుట్టం లాంటి ఇంకో కత్తి, కార్బాక్సీపెప్టిడేజ్, దాని ఆకారం తెలుసు. దాని గాడిలో ఒక జింకు పరమాణువు ఉంది. దీనిలోనూ ఉంటుందనుకున్నారు. ఒక చివర పాము పదార్థానికి చివరన ఉండే ప్రోలిన్ పూసనే పెట్టి, ఇంకో చివర జింకుని గట్టిగా పట్టుకునే గంధకం కొక్కెం తగిలించి, చిన్న అణువు తయారుచేశారు. 1975లో తయారైంది, 1981లో అక్కడ మందుగా అనుమతి వచ్చింది. అదే కాప్టోప్రిల్. తరవాతి ప్రిల్‌లన్నీ దాని తమ్ముళ్లు.

మా అన్నయ్యకి రామిప్రిల్ రాశారు. నెల తిరక్కుండానే పొడిదగ్గు. పగలూ రాత్రీ దగ్గే. కఫం లేదు, జ్వరం లేదు. దగ్గుమందులు రెండు సీసాలు అయిపోయాయి, తరవాత ఎక్స్‌రే, ఆ తరవాత టీబీ ఏమోనని టెన్షన్. వదిన ఏడుస్తూ ఫోను చేసింది. నేను అడిగిన మొదటి మాట, "వదినా, బీపీ మాత్ర పేరేమిటి?" అని. ఇప్పుడు మీరే చెప్పండి, ఎందుకడిగాను? ఆ కత్తిని ఆపితే బ్రాడీకైనిన్ పోకుండా నిలుస్తుంది అన్నాం కదా. ఊపిరితిత్తుల దగ్గర కూడా నిలుస్తుంది. అక్కడ నరాలని కదిలిస్తుంది. కొంతమందిలో అది దగ్గుగా బయటపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్తే టెల్మిసార్టాన్‌కి మార్చారు. అది కత్తిని ముట్టుకోదు, యాంజియోటెన్సిన్-2 వెళ్లి కూర్చునే చోటుని మూసేస్తుంది. రెండు మూడు వారాల్లో దగ్గు పోయింది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, మీ అంతట మీరు మాత్ర ఆపకండి. దగ్గు ఉంటే డాక్టరుకి చెప్పండి. ఎప్పుడైనా పెదాలూ నాలుకా వాస్తే మాత్రం వాయిదా వేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

వైరస్ గురించి కొద్దిగా చెప్పి అసలు చోటికి వస్తాను. హెచ్‌ఐవీ తన ప్రోటీన్లని విడివిడిగా చేసుకోదు. పొడుగాటి దండగా అల్లి, తరవాత తన కత్తితో ముక్కలు కోసుకుంటుంది. ఆ కత్తి ఒకేలాంటి రెండు సగాలు కలిస్తే అవుతుంది, ఒక్కో సగంలో 99 పూసలు. 1989లో దాని ఆకారం తెలిసింది. ఆ గాడిలో కూర్చునే మందు సాక్వినావిర్ 1995 డిసెంబరులో వచ్చింది. కత్తి ఆగితే వైరస్ బయటికి వస్తుంది గానీ అది పక్వం కాని కాయ, ఇంకో కణానికి అంటుకోలేదు. పేరు చివర "నావిర్" అని ఉన్నవి ఈ కుటుంబమే. ఇలాంటి మందులు ఎన్నో దేశాలకి హైదరాబాద్ ఫ్యాక్టరీల నుంచి వెళ్తున్నాయి. కోవిడ్‌లో 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన నిర్మాట్రెల్విర్ కూడా ఆ వైరస్ కత్తిని ఆపేదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. క్లోమం. కడుపు వెనక అడ్డంగా, నాలుక ఆకారంలో ఉంటుంది. రోజుకి లీటరు, లీటరున్నర రసం తయారుచేసి చిన్న పేగులోకి పంపుతుంది. ఈ గ్లాసులో ఉన్న ట్రిప్సిన్ లాంటిది అక్కడ ఎంత తయారవుతోందో ఆలోచించండి. ఫిల్ము మీద ఒక్క చుక్క ఇరవై నిమిషాల్లో ఏం చేసిందో చూశారు. మరి క్లోమం తన కత్తికి తను ఎందుకు బలి కావడం లేదు?

మొదటి జాగ్రత్త, అక్కడ తయారయ్యేది పదును లేని కత్తి. ట్రిప్సినోజెన్ అంటాం. దాని మొదట్లో ఎనిమిది పూసల చిన్న తోక ఉంటుంది. అది ఉన్నంతవరకూ గాడి సరిగ్గా తెరుచుకోదు. పేగులోకి దిగాక, పేగు గోడ మీద ఉండే ఎంటిరోకైనేజ్ అనే ఎంజైము ఆ తోకని తెంపుతుంది. అప్పుడు పదును వస్తుంది. రష్యాలో పావ్లోవ్ ల్యాబులో 1899లో దీన్ని కనిపెట్టారు. ఎంజైములకే ఎంజైము అన్నాడు ఆయన. అయితే ఒక చిక్కుంది. పదును వచ్చిన ట్రిప్సిన్ కూడా ఇంకో ట్రిప్సినోజెన్ తోక తెంపగలదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. క్లోమం లోపల పొరపాటున ఒక్కదానికి పదును వస్తే చాలు, గడ్డివాములో నిప్పురవ్వే.

అందుకే రెండో జాగ్రత్త. అదే కణంలో, అదే సంచిలో, ట్రిప్సినోజెన్‌తో పాటే ఒక చిన్న నిరోధకాన్ని కూడా కలిపి పెడుతుంది క్లోమం. 56 పూసలదే. 1948లో కజాల్, ఆయన తోటివాళ్లు కనిపెట్టారు. ఇప్పుడు స్పింక్-1 అంటున్నాం. పొరపాటున పదును వచ్చిన ట్రిప్సిన్ కనబడితే వెళ్లి ఆ గాడిలో కూర్చుంటుంది. క్లోమంలో ఉండే ట్రిప్సిన్ మొత్తానికి ఇది చాలదు, సుమారు అయిదో వంతుని మాత్రమే ఆపగలదు. రవ్వని ఆర్పడానికి చాలు, మంటని ఆర్పడానికి చాలదు.

మూడో జాగ్రత్త ఇంకా విచిత్రం. ట్రిప్సిన్‌లో 122వ పూస ఆర్జినిన్. ఆర్జినిన్ పక్కన ట్రిప్సిన్ కోస్తుందని చెప్పాను కదా? అంటే ఒక ట్రిప్సిన్ ఇంకో ట్రిప్సిన్‌ని అక్కడ కోసి చంపగలదు. 1996లో అమెరికాలో విట్‌కాంబ్ బృందం కొన్ని కుటుంబాలని చూసింది. తరతరాలుగా క్లోమం వాపు. వాళ్లలో ఆ 122వ పూస మారిపోయి హిస్టిడిన్ ఉంది. తనని తాను కోసుకునే చోటు పోయింది. కత్తికి చావు లేదు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. దక్షిణ భారతంలో ఒక క్లోమం జబ్బు ఉంది. ముఖ్యంగా కేరళలో ఎక్కువ చూశారు, మన దగ్గరా ఉంది. చిన్నతనంలో కడుపునొప్పి మొదలవుతుంది. తరవాత క్లోమంలో రాళ్లు, పాతికేళ్లు వచ్చేసరికి షుగరు. మందు తాగే అలవాటు లేని పిల్లలకి ఇది ఎందుకొస్తోంది? చాలాకాలం కర్రపెండలాన్ని అనుమానించారు. పోషకాహార లోపం అన్నారు. 2002లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ రోగుల జన్యువులు చూశారు. అందరూ అనుకున్నట్టు కాదు, తప్పు కత్తిలో లేదు. ట్రిప్సినోజెన్ జన్యువు బాగానే ఉంది. తేడా ఒరలో ఉంది. స్పింక్-1 జన్యువులో, 34వ పూస దగ్గర మార్పు, రోగుల్లో చాలా ఎక్కువమందిలో కనబడింది.

ఇదీ నేను మీకు చెప్పాలని వచ్చింది. జబ్బు కత్తి పదును వల్ల రాలేదు, ఆపేదాంట్లో తేడా వల్ల వచ్చింది.

అలాగని కథ అంత సులువుగా తేలిపోలేదు. అదే మార్పు ఏ జబ్బూ లేని కొద్దిమందిలో కూడా ఉంది. కాబట్టి అదొక్కటే చాలదు, ఇంకేదో తోడవ్వాలి. ఇంకో సంగతి, ఆ 34వ పూస మార్చిన నిరోధకాన్ని ల్యాబులో చేసి చూస్తే ట్రిప్సిన్‌ని మామూలుగానే ఆపుతోంది. అంటే ఒర ఆకారం బాగానే ఉంది. ఆ పూస మార్పుతో పాటే వంశంలో వచ్చే ఇంకో మార్పు వల్ల ఒరలు తక్కువగా తయారవుతున్నాయేమోనని అనుమానం. ఇక్కడున్న ఇంటర్మీడియట్ పిల్లలు వినండి, ఇది ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న. మన ఊళ్ల నుంచి బస్సెక్కి వెళ్లిన రోగులు ఇచ్చిన రక్తంతో మొదలైన ప్రశ్న.

తల్లిదండ్రులకి ఒక్క మాట. పిల్లలకి పైకడుపులో నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే, అది వీపులోకి పాకుతుంటే, ముందుకి వంగి కూర్చుంటే కాస్త తగ్గుతోందంటే, దిష్టి అనో, నులిపురుగులనో, స్కూలు ఎగ్గొట్టడానికి నాటకమనో అనుకోకండి. డాక్టరుని క్లోమం సంగతి అడగండి. ఒక రక్తపరీక్ష, ఒక స్కానింగ్.

ఫిల్ము ఇక్కడే బల్ల మీద ఉంచుతున్నాను. లైటుకి ఎత్తి చూడండి, వేలు మాత్రం పెట్టకండి, జెలటిన్ ఇంకా తడిగా ఉంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.